పరారీలో ఉన్న డ్రైవర్ని నేనే

అంబాసిడర్ కారు బంపరు వంగితే ఎంత నష్టమో బీమా కంపెనీవాళ్లు చెప్పగలరు. ఆ బంపరు వంగిన సంగతిని ఓ కుర్ర విలేకరి వార్తగా రాస్తే జరిగే నష్టాన్ని అంచనా వేసే మనిషి మాత్రం ఇంకా పుట్టలేదు. ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఆ నష్టం చేసిన ఘనుణ్ని నేనే. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను, కానివ్వండి.

అప్పుడు నేనో దినపత్రిక విలేకరిని. ఎన్నికల రోజులు. జిల్లా అంతా తిరగడానికి రోజు కిరాయికి ఓ కారు మాట్లాడుకోమన్నారు ఆఫీసువాళ్లు. కొత్తవాడలో జంపఖానాలు నేసే సాంబయ్య రెండు మగ్గాలూ అమ్మేసి ఓ పాత అంబాసిడర్ కొన్నాడు. ఇల్లు గడిచేది దాని కిరాయిల మీదే. దాన్నే మాట్లాడాను. నాకు లైసెన్సు చేతికొచ్చి అప్పటికి పది రోజులు. "డ్రైవరెందుకన్నా, నేనే నడుపుకుంట" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఓ పొద్దున ధర్మసాగర్ చెరువు తూము కారుతోందని కబురొస్తే బయల్దేరాను. మడికొండ దాటాక రోడ్డుకు అడ్డంగా బర్రె. హారన్ కొట్టాను. అర్జీ పట్టుకొచ్చినవాణ్ని ఆఫీసరు చూసినట్టు చూసింది తప్ప కదల్లేదు. పోనీ నేనే పెద్దమనిషి తరహాలో పక్కకు తప్పుకున్నాను. అక్కడున్న మైలురాయికి ఆ పెద్దమనిషి తరహా లేదు. బంపరు వంగింది, ఓ లైటు పగిలింది, రేడియేటరు నీళ్లు కార్చింది. నాకు చిన్న గీత కూడా పడలేదు. బర్రె నెమరు ఆపలేదు.

లారీకి కట్టి కారును ఖాజా భాయ్ మెకానిక్ షెడ్డుకు చేర్చేసరికి సాయంత్రమైంది. హైదరాబాద్ బస్సులో వార్తల కవరు పంపే వేళ. తూము వార్త లేదు. ఖాళీ కవరు పంపితే ఉద్యోగమూ ఉండదు. చేతిలో ఉన్నది ఒక్క ప్రమాదమే. "నేనే గుద్దాను" అని ఎవరైనా రాసుకుంటారా, మీరే చెప్పండి. ప్రమాద వార్తలకు మాకో మూస ఉండేది. ఊరి పేరు మారిస్తే చాలు, మిగతాది చెయ్యే రాసుకుపోయేది. ఆ రోజూ రాసుకుపోయింది: "మడికొండ వద్ద ఘోర ప్రమాదం. కారు నుజ్జునుజ్జు. డ్రైవర్ పరారీ. పోలీసులు గాలిస్తున్నారు."

తెల్లారి షెడ్డుకు వెళితే సాంబయ్య పత్రిక పట్టుకుని కూలబడి ఉన్నాడు.

"నా కారు నుజ్జునుజ్జు అయిందట గద తమ్మీ!"

"కాలేదన్నా. ఎదురుంగనే ఉంది, చూడు."

కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి కిందికీ చూశాడు. "మరి నుజ్జయిన తావేది? పేపర్ల ఊకెనే రాస్తరా?"

"లోపట నుజ్జయి ఉంటది సాంబన్నా, మనకు కనవడదు" అని ఖాజా భాయ్ ఓదార్చాడు. ఇంజన్లు విప్పి బిగించే మనిషి కూడా తన కళ్లకంటే నా వార్తనే నమ్మాడు!

బీమా సర్వేయర్ చూసి సంతకం పెట్టేదాకా బోల్టు విప్పడానికి లేదు. పెళ్లిళ్ల కిరాయిలన్నీ వేరే కార్లకు పోతున్నాయి. నాలుగో రోజు ఆయన వచ్చాడు. చంకలో ఫైలు. ఫైలులో మొట్టమొదటి కాగితం నా వార్తే.

"నుజ్జునుజ్జయిన కారు చూపించండి."

"ఇదేనండి."

"ఇది బంపరు వంగిన కారు. దరఖాస్తులో బంపరు అంటారు, పేపర్లో నుజ్జు అంటారు. ప్రమాదాలు రెండా, కార్లు రెండా?"

"కారూ ఒకటే, ప్రమాదమూ ఒకటేనండి."

"సరే, డ్రైవర్ని పిలవండి."

"నేనేనండి."

"మీరు పరారీలో ఉన్నారు కదా?"

"లేనండి. ఇక్కడే ఉన్నాను."

"మరి పేపర్లో అలా ఎందుకు రాశారు?"

"అది రాసింది కూడా నేనేనండి."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "అంటే, మీరు పారిపోయి, పారిపోయానని మీరే రాసి, బస్సులో పంపించారా?"

నమ్మండి, నిజంగానే పారిపోయానేమోనని ఆ క్షణంలో నాకే అనుమానం వచ్చింది.

సాంబయ్య అడ్డుపడ్డాడు. "సారూ, గీ పిలగాడు యాడికీ పోలె. గంత సక్కగ పారిపోవస్తే రాయికెందుకు గుద్దుతడు?"

"నాకు కాగితం కావాలి. పారిపోయాడన్న పేపరే దొరికాడని కూడా వేయాలి. రెండు రోజులు ఊళ్లోనే ఉంటాను. అప్పటికీ రాకపోతే క్లెయిము కొట్టేస్తాను."

"మరి షెడ్డుల ఉన్న దినాల కిరాయో సారూ?"

"దానికి బీమా లేదు."

సాంబయ్య నా వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది. "మగ్గాలు అమ్మి కొన్న తమ్మీ" అన్నాడు, అంతే. ఆ కిరాయి నా జీతంలోంచి ఇస్తానని మాటిచ్చి, ట్రంకాల్ బుక్ చేయడానికి పరుగెత్తాను.

"సవరణా?" డెస్కులో పెద్దాయన మండిపడ్డారు. "తప్పు రాశామని మనమే చెప్పుకుంటే రేపు మనల్ని కొనేదెవరయ్యా?"

"వేయకపోతే ఓ కుటుంబం రోడ్డున పడుతుంది గురువుగారూ!"

ఆయన కాస్త మెత్తబడ్డారు. "సరే, సవరణలా కాకుండా వార్తలా వేస్తాలే."

మర్నాడు వేశారు. "మడికొండ ప్రమాదం కేసులో పురోగతి. పరారీలో ఉన్న డ్రైవర్‌ను పోలీసులు చాకచక్యంగా పట్టుకున్నారు. కారు స్వల్పంగా దెబ్బతిన్నట్టు విచారణలో తేలింది." కింద పట్టుబడ్డ డ్రైవర్‌గా నా పేరు, ఇంటిపేరుతో సహా.

సర్వేయర్ దాన్ని కత్తిరించి ఫైలులో అంటించుకుని, "ఇప్పుడు పద్ధతిగా ఉంది" అని సంతకం పెట్టాడు. ఖాజా భాయ్ స్పానరు అందుకున్నాడు. సాంబయ్య నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు.

ఇంటికొచ్చి తృప్తిగా టీ తాగుతుంటే వాకిట్లో తెలిసిన హెడ్ కానిస్టేబులు సైకిలు దిగాడు. చేతిలో ఆ రోజు పత్రిక.

"జర స్టేషన్ దాక నడువుండ్రి సారూ."

"ఎందుకన్నా? నా మీద కేసే లేదు గద!"

"కేసు లేదు. గని మిమ్ముల పట్టుకున్నమని పేపర్ల వచ్చె. మా పెద్దసారు శభాష్ అన్నడు. పట్టుకున్నోన్ని సూడనీకె ఇయ్యాల వస్తాండట. ఎవల్ని సూపియ్యాలె చెప్పుండ్రి? జరసేపు వచ్చి కూసోండ్రి, మా ఇజ్జత్ నిలవెట్టుండ్రి."

వెళ్లి కూర్చున్నాను. పెద్దసారు వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చదువుకున్నోని లెక్కనే ఉన్నవు, ఉరుకుడేందయ్యా?" అని చీవాట్లు పెడుతుంటే తలవంచుకుని విన్నాను. ఆ బెంచీ మీదే, లాఠీలూ లాకప్పూ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో నేను చేసిన ఘనకార్యాన్ని నేనే వార్తగా రాయను. రాయక తప్పని రోజు వస్తే, ముందు నిజంగా పారిపోయి, తర్వాత రాస్తాను.