సీడీ డ్రైవ్ మాయమైన శనివారం

మొన్న వీడియో కాల్‌లో మీలో చిన్నది నా వెనకున్న పాత కంప్యూటర్ని చూసి, "నానమ్మా, ఆ డబ్బాకి ఆ సన్న సొరుగు ఎందుకు?" అని అడిగింది. అందులో సీడీలు పెట్టేవాళ్ళం తల్లీ అన్నాను. సీడీ అంటే ఏంటంది. సరే, మీ నాన్న ఎంత గొప్ప ఇంజినీరో మీకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. వాడు చెప్పుకోడు, మొహమాటస్థుడు. అందుకని నేను చెబుతున్నాను.

అప్పట్లో మేం ఫిల్మ్‌నగర్‌లో, షేక్‌పేటకి దిగే వాలు మీద ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మీ తాత ప్రొడక్షన్ మేనేజరు. నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. తెర మీద ఎవరో పట్టుచీర కట్టుకున్నావిడ నోరు తెరిస్తే అందులోంచి వచ్చే గొంతు నాది. అన్నీ అత్తగారి పాత్రలే. ఇంట్లో పాలవాణ్ణి గట్టిగా పిలవడానికి కూడా మొహమాటపడేదాన్ని. మైకు ముందు నిలబడితే మాత్రం కోడళ్ళు గడగడలాడిపోయేవాళ్ళు.

ఆ మధ్య పిలుపులు తగ్గిపోయాయి. కొత్తగా వచ్చిన అమ్మాయిలు అత్తకీ కోడలికీ ఇద్దరికీ వాళ్ళే చెప్పేస్తున్నారు. అలాంటి రోజుల్లో ఒక సినిమాలో బామ్మ పాత్రకి గొంతు వెతుకుతున్నారని తెలిసింది. మొదటి రీలు నుంచి చివరిదాకా ఉండే బామ్మ. శనివారం సాయంత్రం నాలుగింటికి డైరెక్టరు సీడీలు వింటాడు, నచ్చిన గొంతుని ఖాయం చేస్తాడు. ఇది కూడా పోతే ఇక నన్ను పిలిచేవాళ్ళు ఉండరని నాకు లోపల తెలుస్తూనే ఉంది. ఎవరితోనూ అనలేదంతే.

నా డైలాగులున్న సీడీ ఇంట్లో ఒక్కటే ఉంది. దాన్నే ఇచ్చేయొచ్చుగా అంటారు మీరు. సినిమా ఆఫీసుకి వెళ్ళిన సీడీ తిరిగి ఇల్లు చేరిన చరిత్ర లేదు. వాటి మీద టీ కప్పులు పెట్టుకుంటారు. కాపీ తీసి ఇవ్వాలి. అయిదు నిమిషాల పని.

ఆ అయిదు నిమిషాల పనిని ఇంకా తొందరగా చేద్దామని మీ నాన్న శుక్రవారం ఆఫీసు నుంచి రాగానే కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేశాడు. పాతది బాగానే పనిచేస్తోంది కదరా అంటే, "అందుకే మార్చాలమ్మా, అది పాతది" అన్నాడు. ఆ రోజుల్లో హైటెక్ సిటీలో అందరూ అలాగే మాట్లాడేవాళ్ళు.

కొత్తది వస్తోందంటే మీ తాత ఊరుకుంటారా? ముహూర్తం చూడందే ఆయన కొత్త చెప్పులు కూడా తొడుక్కునేవారు కాదు. తెర మీద కొత్త రంగులు కనబడగానే డబ్బాకి గంధం, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించారు. సరిగ్గా అప్పుడే మీ నాన్న చెయ్యి తగిలి సీడీ ట్రే బయటికొచ్చింది. హారతి పళ్ళెం చాచినట్టే ఉంది పాపం. మీ తాత భక్తిగా దాని మీద నాలుగు అక్షింతలు వేశారు. ట్రే లోపలికెళ్ళిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

శనివారం పొద్దున కాఫీలవగానే మీ నాన్న కాపీ తీద్దామని కూర్చున్నాడు. సీడీ డ్రైవ్ లేదు. అంటే డబ్బాకి ఉంది, కంప్యూటర్లో లేదు. లైటు వెలుగుతోంది, ట్రే వస్తోంది, పోతోంది. కంప్యూటర్ని అడిగితే మాత్రం అలాంటి వస్తువు నేనెరుగనంటోంది.

"రాత్రి ఉందిగా!" అన్నాడు మీ నాన్న.

"ఒరేయ్, తొమ్మిది దాటింది. శనివారం రాహుకాలం. పదిన్నరదాకా దాని మీద చెయ్యి వెయ్యకు" అన్నారు మీ తాత.

"నాన్నా, ఇది కంప్యూటరు. దీనికి రాహుకాలం ఉండదు."

"అందుకేగా ఉన్న డ్రైవు ఊడిపోయింది!"

వాడు మూడుసార్లు ఆపి మూడుసార్లు వెలిగించాడు. వాళ్ళ ఆఫీసులో ఇదే మొదటి వైద్యమట. నేను మెల్లగా, "యూసుఫ్‌గూడలో షాపులో కాపీ తీసిస్తారు కదరా" అన్నాను.

"సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఇంట్లో ఉండగా సీడీ కాపీకి బయటికెళ్తావా? పరువేం కావాలి?"

నిజమే. అమ్మ పని పోతే మళ్ళీ వస్తుంది, పరువు పోతే రాదు.

"పోనీ నేనే వెళ్ళి డైరెక్టరు ముందు రెండు డైలాగులు చెప్పి రానా?"

ఇద్దరూ ఆ ఒక్క విషయంలో ఏకమయ్యారు. మీ తాత నవ్వేశారు. "వేషాల కోసం తిరిగే కుర్రదానివా ఏంటే? ఇన్నేళ్ళ ఆర్టిస్టువి. సీడీ పంపడమే పద్ధతి."

"అమ్మా, ప్లీజ్, కాసేపు మాట్లాడకు. కాన్సంట్రేషన్ పోతోంది" అన్నాడు మీ నాన్న. నా గొంతుని కాపాడటానికి నన్ను నోరు మూసుకోమన్నాడన్నమాట. నేను వంటింట్లోకెళ్ళి బీరకాయ చెక్కు తీసుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం మీ తాత, పిలవొద్దన్నా వినకుండా, యూసుఫ్‌గూడ నుంచి కంప్యూటర్ షాపాయన్ని పిలిపించారు. ఆయన వచ్చి డబ్బాని ఒకసారి తట్టి చూసి తీర్పు చెప్పాడు. "డ్రైవ్ ఖతమైంది సార్. కొత్తది ఎయ్యాలె."

"లైటు వెలుగుతోంది కదండీ" అన్నాడు మీ నాన్న.

"బల్బు ఎలుగుతే ఇంట్ల మనుషులున్నట్టా సార్? జర సమజ్ చేస్కోండ్రి." అంటూ ట్రే తెరిచాడు. మూలకి ఒదిగి పచ్చటి గింజలు కనబడ్డాయి. "గివేంది? బియ్యమా? గీండ్ల అన్నం వండుతుండ్రా ఏంది?"

అప్పుడు మీ నాన్న అరిచిన అరుపు, నేను చెప్పిన అత్తగార్లెవరికీ తీసిపోదు. "నాన్నా! అక్షింతలా! దీంట్లోనా!"

"దేవుడి అక్షింతలు ఎవరినీ పాడుచెయ్యవురా" అన్నారు మీ తాత, కాస్త వెనక్కి జరుగుతూ.

షాపాయన గింజలన్నీ ఏరి, ఊది, తుడిచి, "అయిపాయె" అని చేతులు దులుపుకున్నాడు. అందరూ చుట్టూ చేరి మళ్ళీ వెలిగించారు. డ్రైవ్ లేదు.

"చూశావా! నావి కావు!" అన్నారు మీ తాత. ఆయన మొహంలో అంత సంతోషం నేను మీ నాన్న పుట్టినప్పుడు కూడా చూడలేదు. షాపాయన, "నేను ముందే చెప్పిన, ఖతమైందని" అంటూ వెళ్ళిపోయాడు.

మూడు కావస్తుండగా మీ నాన్న పరువు కాస్త పక్కన పెట్టి ఆఫీసు స్నేహితుడికి ఫోన్ చేశాడు. స్పీకర్లో ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న నాకూ వినబడింది. "పాత సిస్టమ్‌లో సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ ఏదైనా వేసుకున్నావా?"

"ఆ... ఫ్రీగా దొరికిందని..."

"దాంతోనే బాబూ. కొత్త సిస్టమ్‌కి అది పడదు. డ్రైవ్ దారిలో అడ్డంగా కూర్చుంటుంది. దాన్ని తీసెయ్. తీసేసినా రిజిస్ట్రీలో రెండు ముక్కలు మిగిలుంటాయి, అవీ తీసెయ్."

తీసేశాడు. ఆపి వెలిగించాడు. డ్రైవ్ ఏమీ ఎరగనట్టు తన చోట తను కూర్చుని ఉంది. తను తెచ్చిపెట్టుకున్న జబ్బుని తనే నయం చేసుకుని, మీ నాన్న కాలరు సర్దుకున్నాడు. "చూశావా అమ్మా, షాపుకెళ్ళి ఉంటే?"

షాపుకెళ్ళి ఉంటే పొద్దున్నే అయిపోయేది.

కాపీ చేతికి రాగానే, ఇద్దరూ వద్దంటున్నా నేనే ఆటో ఎక్కాను. జూబ్లీహిల్స్‌లో స్టూడియోకి చేరేసరికి నాలుగు దాటింది. గుమ్మంలో కో-డైరెక్టరు కంగారుగా ఎదురొచ్చాడు. "అమ్మా, మీరెందుకొచ్చారు? సీడీ పంపిస్తే సరిపోయేదిగా!"

"వచ్చాను కదా బాబూ. లోపలికెళ్ళి రెండు మాటలు చెప్పనా?"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ? సీడీ ఉందిగా." డైరెక్టరు వింటున్న గదిలోనే నన్ను ఆయన వెనక ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, సీడీ పెట్టాడు.

స్పీకర్లోంచి నేను విరుచుకుపడ్డాను. "ఏమే! పాలు పొంగితే ఇంటికి లక్ష్మి, నువ్వు పొంగితే ఇంటికి దరిద్రం! నడు బయటికి!"

డైరెక్టరు చెవులు మూసుకున్నాడు. "ఆపవయ్యా బాబూ! మనవణ్ణి నిద్రపుచ్చే బామ్మ కావాలన్నానా లేదా? ఈవిడ నిద్రపోయేవాణ్ణి లేపి తరిమేలా ఉంది. తర్వాతది పెట్టు."

కో-డైరెక్టరు నా వైపు చూడకుండా సీడీ బయటికి తీశాడు. ఇంట్లో పొద్దుట్నుంచీ ముగ్గురు కష్టపడి బతికించిన సీడీ ఒక్క వాక్యంలో నా పని పూర్తి చేసింది.

లేచి వెళ్ళిపోవాల్సిందే. కానీ ఎందుకో నోరు ఊరుకోలేదు. "అది నేనే బాబూ" అన్నాను.

ఆయన అప్పుడు చూశాడు నన్ను. "ఏమన్నారు?"

"ఆ గొంతు నాదే. అలా అరవడానికే పిలిచేవాళ్ళు, అలాగే అరిచాను. నిద్రపుచ్చమని ఎవరూ అడగలేదు."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "మరి ఈ గొంతు సీడీలో లేదేంటమ్మా?" అన్నాడు. "నాకు కావలసింది ఇదే. ఒక పని చెయ్యండి. ఇంటికెళ్ళి ఇలా నాలుగు డైలాగులు సీడీ చేసి సోమవారం పంపించండి. వింటాను."

ఎదురుగా నేనున్నాను. చెప్పేదాన్ని చెబుతున్నాను. అయినా సీడీ కావాలి. నాకు మా ఇల్లు కళ్ళముందు కదిలింది. అక్షింతలు, రాహుకాలం, మీ నాన్న పరువు.

"ఇంటికెళ్ళను బాబూ" అన్నాను, నెమ్మదిగానే. "మైకు ఇక్కడే ఉందిగా. చెప్పిస్తే ఇప్పుడు చెప్పించండి. నచ్చకపోతే మీకో దణ్ణం పెట్టి వెళ్ళిపోతాను."

కో-డైరెక్టరు ఇలాంటి అపచారం ఎప్పుడూ చూళ్ళేదన్నట్టు నిలబడిపోయాడు. డైరెక్టరు మాత్రం నవ్వి, పక్కనే ఉన్న డబ్బింగ్ థియేటర్లో లైటు వెయ్యమన్నాడు.

తెర మీద చిన్న పిల్లాడు బామ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. నేను పేపరు పట్టుకుని కథ మొదలుపెట్టాను. నాలుగు మాటలవగానే అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజినీరు ఆపాడు. అయిపోయింది, పంపించేస్తారనుకున్నాను.

"బాగుందమ్మా, చాలా బాగుంది. కాస్త గట్టిగా చెప్పండి, చాలు" అన్నాడు.

ఇన్నేళ్ళలో మైకు ముందు నన్ను ఆ మాట అన్నది ఆయనొక్కడే. అద్దం అవతల డైరెక్టరు కూడా తలూపాడు. ఒక అడుగు ముందుకి జరిగి, బామ్మ మాటలు ఆ సాయంత్రమే మొదలుపెట్టేశాను.