ఓడకు ఎదురొచ్చిన మనిషి

మేడ్చల్ బడిలో నేను సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతి పాఠంలో ఒక నావికుడున్నాడు. నాలుగైదు వందల ఏళ్ల కిందట కొత్త దేశాలు వెతకడానికి ఓడెక్కి, మళ్లీ తిరిగి రాలేదు. ఆయన గడ్డం, టోపీ కనిపించేలా బొమ్మ కూడా వేశారు గానీ, ఇంటి దగ్గర మిగిలిపోయిన భార్య గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు ఒళ్లు మండింది. నా భర్త పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత కూడా ఆడమనిషికి బోలెడంత బతుకుంటుందని నాకు తెలుసు.

అందుకే వార్షికోత్సవానికి ఆమె మీద ఒక నాటకం రాశాను. పుస్తకాల్లో దొరకనిది ఊహించుకున్నాను. ఆమె తన భర్త గీసిన సముద్రపు పటాలు తడవకుండా దాచుకుంటుంది. ఆయన్ని వెతకడానికి ఇంకో ఓడ పంపమని రాజుగారి కొలువు చుట్టూ తిరుగుతుంది, మళ్లీ రమ్మంటే మళ్లీ వెళ్తుంది. బతికి తిరిగొచ్చిన కళాసీల్ని అడిగి అడిగి, ఆయన ఎక్కడ దారి తప్పాడో కనిపెట్టి పటం దిద్దుతుంది. ఆఖరి రంగంలో ఇంకో ఓడ బయలుదేరుతుంటే రేవులోకి వచ్చి, ఆ పటాన్ని కెప్టెన్ చేతిలో పెడుతుంది.

మా హెడ్‌మాస్టర్ సారు మంచివారే. చదివి బాగుందన్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"మేడం, ఓడ పోయేటప్పుడు ఆమె ఎదురొచ్చుడు మంచిగుండదేమో. ఊరోళ్లంత వస్తరు. పటం ఆమె చెల్లెతోని ఇప్పియ్యరాదు?"

చెల్లెలికి మొగుడున్నాడు కాబట్టి ఓడకు ఏమీ కాదన్నమాట. ఆ మాట ఎవరి మొహం చూస్తూ అంటున్నారో ఆయనకు తట్టనే లేదు. ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను. కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఎందుకంటే కిందటేడు పిల్లలు శామీర్‌పేటకు విహారానికి వెళ్తుంటే, టీచర్లంతా గేటు దగ్గర నిలబడి చేతులూపారు. నేను మాత్రం బస్సు కదిలే వరకు లైబ్రరీలో బీరువా సర్దుతూ ఉండిపోయాను. నన్నెవరూ ఉండమనలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ రంగం మార్చేద్దామనే అనుకున్నాను. ఆ సాయంత్రం రిహార్సల్ పెట్టాం. భార్య వేషం గౌడవెల్లి నుంచి వచ్చే అమ్మాయిది. ఓడ కదిలే చోట ఆ పిల్ల పటం పట్టుకుని పోయి తలుపు చాటున నిలబడింది. ముందుకు రమ్మంటే రాదు.

"మా అవ్వ గిట్లనే జేస్తది మేడం. పొద్దుగాల బాపు కంపెనీకి బండి తీస్తుంటే లోపటికి పోతది. బండి సప్పుడు పోయినంకనే బయటికొస్తది."

తాత పోయినప్పటి నుంచీ ఆ నాయనమ్మ అంతేనట. కన్న కొడుక్కి తల్లి ఎదురు రాకూడదట. నాకు ఏడుపొచ్చింది, పిల్లల ముందే ఏడ్చాను. అక్కడి నుంచే హెడ్‌మాస్టర్‌కు ఫోన్ చేసి, ఒక్క అక్షరం మార్చనని, ఆ రంగం వద్దంటే నాటకమే లేదని చెప్పాను. ఆయన సరే, మీ ఇష్టం అన్నారు.

శనివారం వార్షికోత్సవంలో ఆ పిల్ల గబగబా నడిచొచ్చి ఓడకు అడ్డంగా నిలబడింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలో ఒకాయన లేచి వెళ్లిపోయాడు. పిల్ల తొణకలేదు. సముద్రంలో రాళ్లెక్కడున్నాయో పటం మీద వేలు పెట్టి కెప్టెన్‌కు చూపించి మరీ పక్కకు తప్పుకుంది.

అయిపోయాక వాళ్ల అవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"నాటకం మంచిగున్నది బిడ్డా. గని నా కొడుకు దినాం లారీల నడుమ పోతడు. నాకు బుగులైతది" అంది.

ఆ భయాన్ని తీసిపారేయడానికి నాకు నోరు రాలేదు.

"బుగులైతే ఎదురుంగ నిలవడి పైలం, మెల్లగ పొమ్మని చెప్పాలె గదా అవ్వా. లోపట దాక్కుంటే ఆయనకెట్ల ఇనవడ్తది?"

ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆదివారమంతా నాకు కుదురు లేదు. ఆమె నా మాట విన్నాక కొడుక్కి దారిలో ఏదైనా అయితే? ఇంత చదువు చెప్పేదాన్ని, నాలోనూ ఆ పాత భయమే ఉంది.

సోమవారం ప్రార్థన గంట కొట్టకముందే ఆ పిల్ల ఉరుక్కుంటూ వచ్చింది. అవ్వ ఇవాళ లోపలికి పోలేదట. బాపు బండి స్టార్ట్ చేయగానే ఎదురుగా వచ్చి ముందు చక్రానికి అడ్డం నిలబడిందట. ఆయన హెల్మెట్ పెట్టుకునే దాకా జరగలేదట.