మామ రక్తం చదివిన రోజులు

పోయిన నెల మా చెల్లెలిని తీసుకొని హైదరాబాదు వెళ్లాను. జూలూరుపాడులో మిర్చి, పత్తి చేలు చూసుకుంటూ ఒక్కనాడూ మంచం పట్టని మనిషికి పేగులో కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసినా కాలేయంలో కొంత మిగిలిందని మందులు ఎక్కిస్తున్నారు. మా అమ్మాయి వయసున్న డాక్టరమ్మ మూడు నెలల రక్తపరీక్షలు పక్కపక్కన పెట్టి, గడ్డ రక్తంలోకి వదిలే ఒక పదార్థం తగ్గుతున్నదని చూపించింది. ఆ తర్వాత తెల్లకణాల్లో రెండు రకాల లెక్కను ఒకదానితో ఒకటి భాగించి, అదీ దిగుతున్నదని, మందు పనిచేస్తున్నదా, ముందుముందు ఎట్లా ఉండవచ్చు అని అంచనా కట్టడానికి ఇవి అక్కరకొస్తాయని, అయినా ఇవి సూచనలేనని, స్కాన్ చూడకుండా గట్టి మాట చెప్పలేనని అన్నది.

మా చెల్లెలు నావైపు తిరిగి, "ఏందక్కా, గా రెండు అంకెలల్ల ఏమున్నది?" అని అడిగింది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ల్యాబ్‌లో ఆ తెల్లకణాల లెక్కే రాసినదాన్ని నేను. మా మేనమామ గుర్తుకొచ్చాడు.

ఆడపిల్లకు రక్తం, సీసాల పని ఏమిటని మా నాన్న పట్టుబడితే, రెండు రోజులు మా ఇంట్లోనే కూర్చొని ఆయన్ను ఒప్పించి, నన్ను బస్సెక్కించి ఖమ్మంలో ల్యాబ్ పని నేర్చుకోవడానికి చేర్పించినవాడు మా మామ. బొగ్గుబాయి కార్మికుడు. తర్వాత పాల్వంచలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానాలో నాకు పని దొరికింది. ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, కణాలు కనబడటానికి పూసే, ఎంత రుద్దినా వేళ్లను వదలని ఊదారంగు, అదే మా ల్యాబ్. నా వయసు టెక్నీషియన్లకు చెప్పక్కర్లేదు, కళ్లు అద్దానికి ఆనించి, ఒక్కొక్క కణాన్నీ పేరుపెట్టి పలకరిస్తున్నట్టు నూరు దాకా లెక్కపెట్టి కాగితం మీద వేసేవాళ్లం.

నేను చేరిన మూడో ఏడు మామకు కడుపులో గడ్డ అన్నారు. వైద్యం హైదరాబాదులోనే అయినా, నడుమ నడుమ చేయాల్సిన రక్తపరీక్షకు మా దవాఖానాకే వచ్చేవాడు. వేలికి సూది నేను గుచ్చితేనే ఒప్పుకునేవాడు. వస్తూ తువ్వాలలో తునికిపండ్లో, సీతాఫలాలో మూటకట్టి తెచ్చి, వరుసలో కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా, "మా అక్క బిడ్డ. రక్తంల ఏమున్నదో సదువుతది" అని చెప్పుకొని మురిసిపోయేవాడు. నాకు సిగ్గేసేది, లోపల్లోపల గర్వంగానూ ఉండేది.

పరీక్ష కాగానే "మంచిగున్నదా బిడ్డా?" అని అడిగేవాడు. నేను "మంచిగున్నది మామా" అనేదాన్ని. కాగితం మీద మాత్రం ఉన్నదున్నట్టే రాసేదాన్ని. రక్తం తగ్గుతోంది. తెల్లకణాల్లో ఒక రకం గుంపులుగా పెరుగుతుంటే ఇంకొక రకం వెతికితే గాని కనబడటం లేదు. ఆ రెంటినీ కలిపి చూడాలని మాకెవరూ నేర్పలేదు. అయినా రోజూ చూసే కళ్లకు అది మంచి పోకడ కాదని తెలుస్తూనే ఉండేది. ఇంగ్లీషు రాని మామకు ఆ కాగితం అర్థం కాదన్న ధైర్యంతో అబద్ధం చెబుతూ వచ్చాను.

ఒకరోజు మామ పాత కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద వరుసగా పరిచాడు. అక్షరాలు రాకున్నా అంకెలు వచ్చు కదా.

"గీ అంకె దిగుతున్నది, గీ అంకె ఎక్కుతున్నది. నువ్వు మాత్రం ఒక్కటే మాట సెప్తున్నవ్" అన్నాడు. గొంతులో కోపం లేదు. "బాయిల పని మొదలుపెట్టే ముందు పైకప్పు తట్టి సూస్తం బిడ్డా. మోత తేడా ఉంటె ఉన్నదని సెప్పాలె. సెప్పకపోతె కిందున్నోడు ఏం గావాలె?"

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే, ఈ అంకెలకు పూర్తి అర్థం నాకు తెలియదని, కానీ నెల నెలకూ బాగాలేదని, ఇన్నాళ్లూ అబద్ధమాడానని చెప్పాను. మామ నా తల మీద చెయ్యి వేసి, "అవ్, గంతే గద. గిది అడగనీకే వచ్చిన" అన్నాడు. ఆ సాయంత్రమే మా డాక్టరును కలిసి మాట్లాడాడు. మందు పట్టు తప్పిందని ఆయనా ఒప్పుకున్నాడు.

మామ ఇక హైదరాబాదు వెళ్లలేదు. దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. చిన్ననాడే బాయి పనికి పోయిన తమ్ముడు ముసలితనానికి ముందే తన ఇంటికి వచ్చాడని ఏడవాలో సంతోషించాలో తెలియక, మా అమ్మ రోజూ చేపల పులుసు వండి రెండు ముద్దలైనా తినిపించేది. నేను ఆదివారం ఆదివారం భద్రాచలం మీదుగా బస్సులో వెళ్లేదాన్ని. నన్ను చూడగానే అలవాటుగా వేలు చాపి, అంతలోనే గుర్తొచ్చి పకపకా నవ్వేవాడు. వానలు పడి ఏరు నిండేదాకా, నాలుగు నెలలు ఉన్నాడు. నేను అబద్ధం చెబుతూ కూర్చుంటే ఆ నాలుగు నెలలూ హైదరాబాదు బస్సుల్లోనే అయిపోయేవని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మా చెల్లెలికి ఉన్నమాటే చెప్పాను. "రెండూ తగ్గినయ్, మంచిదే. స్కాన్ గుడ సూసినంక ధైర్యంగ ఉందాం" అన్నాను. స్కాన్‌లో గడ్డ చిన్నదైంది. ఇంకా మందులు మిగిలే ఉన్నాయి.

ఇప్పుడు మిషను నిమిషంలో వేలాది కణాలను లెక్కపెడుతుంది, ఎవరి వేళ్లకూ రంగు అంటదు. మేము ఊరికే రాసి వదిలేసిన అంకెలకు ఇన్నాళ్లకు మాట వచ్చింది. మామ కాలానికి ఆ మాట అందనందుకు ఒక్కోసారి బాధేస్తుంది. పరీక్ష చేసినవాళ్లకు రోగి ముఖం తెలియదు, రోగికి వాళ్ల పేరు తెలియదు. రిపోర్టు నేరుగా మా చెల్లెలి ఫోనులోకి వస్తుంది. నాకు ఆ చిన్న అక్షరాలు ఆనవు. ఆమే ఫోను చేసి ఒక్కొక్క అంకే చదువుతుంది, నేను వింటాను.