తాంబాళం దాటిన నీలం ముద్ద

మా మనవరాలి కుడిచేతికి వేసిన సిమెంటు పట్టీ విప్పే రోజున పాయసం వండుకుందామని అనుకున్నాం. కోడలు ముందురోజే బెల్లం తెచ్చిపెట్టింది. తీరా పట్టీ విప్పి చూస్తే పిల్ల బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి అందుకోవడం లేదు. మధ్యలో చిక్కుడుగింజ పట్టేంత సందు మిగిలిపోయింది. బెల్లం డబ్బాలోనే ఉండిపోయింది.

ఇంటి ముందరి అరుగు లాంటి గద్దె మీంచి పడింది పిల్ల. ఐదో ఏడు నడుస్తోంది. ఎముక బాగానే అతుక్కుంది, వేళ్లే బిగుసుకుపోయాయన్నారు దవాఖానలో. అక్కడ కసరత్తు చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. మా పిల్ల దాన్ని కాసేపు పిసికి, విసుగొచ్చి తమ్ముడి నెత్తిన కొట్టింది. వాడికింకా మూడేళ్లు నిండలేదు గానీ ఏడుపు మాత్రం వాడంత పొడుగుంటుంది.

మళ్లీ పోయినప్పుడు ఆ సంగతి చెబితే ఆ అమ్మాయి నవ్వింది. "బంతి వద్దు తియ్ అమ్మా. పిల్లలు ఆడుకునే రంగు ముద్దలు దొరుకుతయి కదా, అవి కొనియ్యుండ్రి. పిసుకుడు, గిల్లుడు అన్నీ ఆటల్నే అయిపోతయి. కానీ ఒక్కరోజు గూడ ఇడువొద్దు. బడి తెరిచేటాళ్లకు పెన్సిల్ పట్టాలె గద" అంది.

ఒక్కరోజు కూడా విడవొద్దన్న దగ్గరే వచ్చింది చిక్కు. మాది కొత్తవాడలో మగ్గం ఉన్న ఇల్లు. మా ఆయన జంపఖానాలు నేస్తాడు. ముందరి గదిలో ముప్పాతిక వంతు మగ్గానిదే. మిగిలిన చోటులోనే మా తిండి, పిల్లల ఆట, వచ్చినవాళ్లు కూర్చోవడం. మగ్గం మీద బిగించిన పడుగు దారాలు సరిగ్గా పిల్లల చేతికందే ఎత్తులో ఉంటాయి. ఆ దారాలన్నీ పన్నెలోంచి దూరి ముందుకు రావాలి. పన్నె అంటే పెద్ద దువ్వెన లాంటిది. దారానికి పెసరగింజంత ముద్ద అంటుకుని ఎండిందంటే, అది ఆ పళ్ల సందులో పట్టదు. పోగు తెగుతుంది. ఒకటి తెగితే ముడేసుకోవచ్చు, పదీ ఇరవై తెగితే ఆ పూట పని పోయినట్టే.

కోడలు పిండిలా మెత్తగా ఉండే ఆ రంగు ముద్దల డబ్బాలు తెచ్చి పెట్టగానే మా ఆయన మగ్గం ఆపాడు.

"గివి ఈ ఇంట్లనా?"

"మరి ఏడ ఆడాలె మామా? దవాఖానల చెప్పిండ్రు" అంది కోడలు.

"గద్దె మీద ఆడుమను."

"గద్దె మీంచి పడే గదా చెయ్యి ఇరిగింది" అన్నాను నేను.

ఆయన మళ్లీ నేత మొదలుపెట్టాడు. మగ్గం చప్పుడు మాత్రం పెంచాడు.

అలాంటి ఇంట్లో నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, మొదటిరోజు పిల్లల కింద జంపఖానా పరిచాను. ఇంకెవరింట్లోనైనా పాత పేపరో ప్లాస్టిక్ పట్టానో వేసేవారు. మా ఇంట్లో చుట్టం వచ్చినా జంపఖానాయే, పసిపిల్ల పడుకున్నా జంపఖానాయే, మిరపకాయలు ఎండబెట్టినా జంపఖానాయే. చెయ్యి దానంతటదే దాని మీదికి పోయింది. జంపఖానా నేతలో గీతలు గీతలుగా గాళ్లుంటాయి. పిల్లలిద్దరూ చపాతీలు చేస్తున్నామని ఎర్ర ముద్దను దాని మీదే ఒత్తారు. లేచి చూసేసరికి గాడిగాడికీ ఎరుపు దిగింది. పైగా నేను తడిగుడ్డ పెట్టి రుద్దాను. నీళ్లు తగిలేసరికి అది గంజిలా సాగి ఇంకా లోపలికి పోయింది.

"మంచిగున్నది. నేసేటిది నేను, రంగులద్దేటిది మీరు" అన్నాడు మా ఆయన, మగ్గం కింద కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంటలోంచి. "దాన్ని గట్లనే ఎండకెయ్యి. తడి ముట్టియ్యకు."

కోపంతో అన్నాడో, తెలిసి అన్నాడో గానీ, ఎండకేశాను. పొద్దుగూకే వేళకు ముద్దంతా పెళుసైంది. దండెం మీద వేసి కర్రతో కొడితే పొడిపొడిగా రాలింది. గాళ్లలో మిగిలినదాన్ని పాత పళ్లబ్రష్షుతో తీశాను. ఎరుపు జాడ కొంచెం ఉంది, ఇప్పటికీ ఉంది.

మర్నాడు అటక మీంచి బతుకమ్మ పేర్చే ఇత్తడి తాంబాళం దించాను. దాని చుట్టూ రెండు వేళ్ల ఎత్తు అంచు ఉంటుంది. పిల్లలిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టి, "ముద్ద ఈ గోడ దాటొద్దు. దాటిందంటే డబ్బాలకు పోతది" అని చెప్పాను. రాలిన తునకల్ని చీపురుతో ఊడిస్తే నేలకు పూసుకుపోతాయి. అందుకని పెద్ద ముద్దతోనే అద్ది అద్ది ఎత్తించేదాన్ని. అది కూడా పిల్లకు కసరత్తే. ఆట అయ్యాక లేచేముందు ఇద్దరి అరికాళ్లూ చూసేదాన్ని. పిల్లవాడి మడమ కింద రోజూ ఏదో ఒక రంగు ఉండేది.

అలా పది పన్నెండు రోజులు గడిచాయి. ముద్ద గోడ దాటలేదు. కానీ వేళ్లూ సందు దాటలేదు. పిల్ల మొత్తం పిడికిలితో పిసికేది గానీ, గిల్లమంటే ఎడమచెయ్యి పెట్టేది. అన్నం కూడా ఎడమచేత్తోనే తింటుంటే కోడలు చూడలేక వంటింట్లోకి పోయేది. "అత్తమ్మా, ఇంతేనా?" అని అడిగింది ఒకసారి. "జర ఆగు. ఇప్పుడే ఫికర్ చేస్తే ఎట్ల" అన్నాను. నా ఫికర్ నాకుంది.

ఒకరోజు పిల్లవాడు నేను చూడకముందే లేచి, నీలం చేతులతో మగ్గం వెనక్కి పరిగెత్తాడు. మా ఆయన అరిచిన అరుపుకు పక్కింటావిడ కూడా తొంగిచూసింది. పన్నెకు ఆవల, దగ్గర దగ్గరగా ఉన్న పోగుల మధ్య నీలం తునక ఒకటి ఇరుక్కుని ఉంది. ఆయన వంగి చెయ్యి చాపాడు. ఆయన వేళ్లు లావు. పట్టబోతే అది ఇంకా నలిగి పక్క దారానికి అంటుకుంది.

"నువ్వు ముట్టకు తాతా! నేను తీస్త!"

పిల్ల మగ్గం కిందనుంచి దూరింది. ఎడమచేత్తో పక్క దారాలను పక్కకు జరిపి పట్టుకుంది. ఇంక మిగిలింది కుడిచెయ్యే. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, రెండు వేళ్లూ పోగుల మధ్యకు పోనిచ్చింది. చాలాసేపు పట్టింది. మేం ఎవరం కదల్లేదు. వేళ్ల కొసలు కలిశాయో లేదో నాకు కనబడలేదు గానీ, బయటికొచ్చిన చేతిలో మాత్రం నీలం ముద్ద ఉంది.

"సూడు తాతా, వచ్చింది!"

మా ఆయన ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిడతాడేమోనని పిల్లవాడు నా చీర వెనకాల దాక్కున్నాడు.

"ఇంకేడన్న ఉన్నదేమో సూడు బిడ్డా" అన్నాడు ఆయన.

ఆ మర్నాటి నుంచి ఒక వింత. రోజూ పొద్దున మా ఆయన పిలిచేవాడు. "ఓ పిల్లా, మళ్ల అంటించిండ్రు. వచ్చి తియ్." పిల్ల పరిగెత్తేది. నేనేమో పిల్లవాడి అరికాళ్లు కడిగీ కడిగీ విసిగిపోయాను. తాంబాళం దగ్గరి నుంచి కన్ను తిప్పకుండా కూర్చున్నాను. అయినా పొద్దున్నే నీలం తునక. ఒకరోజు గాడిలో, ఒకరోజు అంచు కుచ్చులో, రోజురోజుకూ ఇంకా చిన్నగా.

కాస్త ఆలస్యంగా గమనించాను. ఆ తునకలు ఎప్పుడూ పన్నెకు ఇవతలే, నేత అయిపోయిన గుడ్డ మీదే ఉంటున్నాయి. ఒక్క పోగుకు కూడా హాని చెయ్యని చోట. మూడేళ్ల పిల్లవాడికి అంత నేర్పు ఎక్కడిది?

ఆ వారం బట్టలు ఉతుకుతూ మా ఆయన చొక్కా జేబులో చెయ్యి పెడితే, బీడీ కట్ట పక్కన కాగితంలో చుట్టిన నీలం ముద్ద దొరికింది. ఎండిపోకుండా కాగితానికి కొంచెం నూనె కూడా రాసి ఉంది.

బడి తెరిచాక పిల్ల పెన్సిల్ పట్టింది. వంకరగానే పట్టింది, తొందరగా అలసిపోయింది, కానీ కుడిచేత్తోనే పట్టింది. ఆ సాయంత్రం కోడలు బెల్లం డబ్బా దించింది. అడుగున కాస్త నీరు కారింది గానీ పాయసం రుచికేమీ లోటు రాలేదు. పిల్ల చెంచా కుడిచేతికి మార్చుకుని తింటుంటే, మా ఆయన తన గిన్నె సంగతి మరిచి చూస్తూ కూర్చున్నాడు.

"అత్తమ్మా, ఇంక ఆ ముద్దలు తీసి అటక మీద పెడదామా? మామకు పని చెడుతాంది" అంది కోడలు.

"ఎందుకు తియ్యాలె?" అన్నాడు ఆయన తలెత్తి. "ఉండనియ్. గోడ దాటకుంట ఆడుకుంటరు."

నేను నవ్వు ఆపుకుని గిన్నెలోకి చూశాను. ఆనాడు ఆ చొక్కా ఉతికి ఆరేసి మడతపెట్టినప్పుడు, కాగితం పొట్లాన్ని మళ్లీ జేబులోనే పెట్టాను.