పద్నాలుగో గుర్తు

బుక్కపట్నం చెరువులో నీళ్లుంటే హసీనాబీకి పని ఉండదు. ఎండాకాలం చెరువు అడుగు తేలాక రైతులు ఒండ్రుమట్టి కోసం కనగానపల్లి నుంచి కూడా ట్రాక్టర్లు వేసుకుని వచ్చేవారు. ఎక్కడ తవ్వాలో ఆమెనే అడిగేవారు. ఆమె చిటికెడు మట్టి తీసి ముందుపళ్ల మధ్య పెట్టుకునేది. కరకరమంటే ఇసుక. వెన్నలా జారిపోతే ఒండ్రు. మొదటి తట్ట ఎత్తే ముందు ఒక పిడికెడు మట్టిని ఎడమ చేత్తో చెరువుకే తిరిగి వేసేది. ఎందుకని అడిగితే, "తీసుకునేది మనమేనని దానికి తెలియాల గదప్పా" అనేది.

ఒక్కచోట మాత్రం ఎవరినీ తవ్వనిచ్చేది కాదు.

1996 వానాకాలంలో ఆమె భర్త మాబుసాబ్ అక్కడ చేపలకు దిగాడు. ఆమె గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుంది, మెల్లగా వాలింది. అది నీటిని తాకేసరికి దాని వెనక మనిషి లేడు. మూడు రోజులు వెతికారు. బురద ఏమీ తిరిగి ఇవ్వలేదు. గోరీ లేని మనిషికి ఫాతేహా ఎక్కడ నిలబడి చదవాలో ఆమెకు తెలియలేదు.

2003 కరువులో హైదరాబాదు నుంచి మాధవి వచ్చింది. ఉపగ్రహం తీసిన బొమ్మలు చూసి, చెరువులో ఎక్కడ ఏ మట్టి పేరుకుందో చెప్పడం ఆమె ఉద్యోగం. పూడిక తీసే మిషన్లు ఎక్కడ దిగాలో దాన్ని బట్టే తేలుతుంది. బొమ్మ చెప్పింది నిజమో కాదో తేలాలంటే దాని మీద గుర్తు పెట్టిన ఇరవై చోట్ల మట్టి తీసి చూడాలి. మొదటి రోజే బురద మీద ఎండిన పెచ్చు విరిగి ఆమె మోకాలి దాకా దిగబడింది.

"ఏం మేడమ్, ఆకాశంలోంచి చూస్తే బురద కనపల్లేదా?" అన్నాడు పెనుకొండ నుంచి జీపు తెచ్చిన నారాయణ.

ఆ తర్వాత గట్టు మీది నుంచి మాధవి దిక్కు చూపితే, దిగబడకుండా కాళ్ల కింద రెండు చెక్కలు మార్చి మార్చి వేసుకుంటూ హసీనాబీయే నడిచి వెళ్లి మట్టి తెచ్చేది.

ఒకరోజు మాధవి జీపు మీద బొమ్మ పరిచింది. ఎండిన అడుగంతా తెల్లగా ఉంది. మధ్యలో ఒక నల్లటి చుక్క.

"ఇది తడి. అయిదారేళ్ల కిందటి బొమ్మలోనూ ఇక్కడే ఉంది. మన పద్నాలుగో గుర్తు."

హసీనాబీ ఆ చుక్క మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. అంత పైనుంచి కూడా మాబుసాబ్ కనిపిస్తున్నాడు.

"మిషన్లు ఆడికీ వస్తాయా?"

"మంచి ఒండ్రైతే ముందు అక్కడికే."

అతని ఎముకలు ట్రాక్టర్లకెక్కి ఊరూరి చేలలో చెల్లాచెదురవడం ఆమెకు కళ్లకు కట్టింది. ఆ మధ్యాహ్నం ఎండమావుల్లో తుమ్మచెట్ల చాటుకు తిరిగి, వాగు చేరే చోటి ఇసుకమట్టిని పద్నాలుగో సంచిలో నింపింది.

మర్నాడు మాధవి ఆ సంచి పట్టుకుని వచ్చింది. "అక్కా, ఇది అక్కడిది కాదు."

"ఆడిదే మేడమ్."

"నువ్వు చేసినట్టే పళ్ల మధ్య పెట్టి చూశాను. కరకరమంది. ఇది తప్పయితే మిగతా పందొమ్మిదీ ఎవరు నమ్ముతారు?"

హసీనాబీ చేతిలోని చెక్కలు కింద పెట్టింది. "ఆడ నా మొగుడు ఉండాడు. నీ బొమ్మకి తడి తెలుస్తాది. మనిషి తెలుస్తాడా?"

మాధవి మట్టి తీసే ఇనుప గొట్టం అందుకుంది. "నన్ను తీసుకుపో."

చెక్కల మీద ఇద్దరూ నడిచారు. చెరువంతా తిరిగే కొంగలు అక్కడ వాలలేదు. చుట్టూ నేల నెర్రెలు విచ్చినా అక్కడ మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. చెక్క వేసినప్పుడల్లా కింద ఎవరో గుటక వేసిన చప్పుడు. మాధవి ఇనుప గొట్టం దించి పైకి లాగింది. వెన్నలాంటి ఒండ్రు. అందులో చిన్న మట్టిబిళ్ల.

వల అంచుకు బరువు కోసం కట్టే బిళ్ల అది. హసీనాబీయే పచ్చిమట్టిని బొటనవేలితో నొక్కి, పొయ్యిలో కాల్చేది. కొడవలికి తెగిన వేలు ఆమెది. బిళ్లలోని గుంటలో ఆ అడ్డగీత ఉంది. వేలు పెట్టింది. సరిపోయింది. బురద చల్లగా ఉంది, బిళ్ల మాత్రం ఎవరో అంతవరకూ అరచేతిలో పట్టుకున్నట్టు వెచ్చగా ఉంది.

"నువ్వు ఉండేది ఉండేట్టే రాసుకో మేడమ్," అంటూ ఎడమ చేత్తో బిళ్లను ఆ గొట్టం తీసిన రంధ్రంలోకే వదిలింది.

మాధవి ఉన్నదే రాసింది: మేలైన ఒండ్రు, కింద ఊబి, యంత్రం దిగితే మునుగుతుంది, చుట్టూ పది మీటర్లు వదలాలి. మరుసటి ఎండాకాలం యంత్రాలు చుట్టూ లోతుగా తవ్వి, ఆ చోటును దిబ్బలా వదిలేశాయి. హసీనాబీ గట్టు మీద నిలబడి, దిబ్బ వైపు తిరిగి మొదటిసారి ఫాతేహా చదివింది.

ఆ తర్వాతి ఏడు చెరువు నిండింది. మాధవి పంపిన కొత్త బొమ్మను నారాయణ తెచ్చి ఇచ్చాడు. నీళ్లన్నీ నల్లగా పడ్డాయి. మధ్యలో, ఆ దిబ్బ ఉన్న చోట, ఒకే ఒక తెల్లటి చుక్క.

"ఇదేంది పిన్నమ్మా, కొంగనా?"

"మా ఇంటాయన," అంది హసీనాబీ. "నీళ్లు వస్తాండాయని లేచి కూచున్నాడు."