సైకిల్‌కు బాపు తీసిన కొలత

ఆదివారం పొద్దున్నే సైకిల్ గొలుసుకు నూనె వేద్దామని సీసా మూత తీస్తానా, ఆ పల్చని వాసన నన్ను తొండుపల్లిలో మా బాపు కుట్టు దుకాణానికి తీసుకుపోతుంది. బాపు దృష్టిలో కుట్టు మిషన్ నూనెకు మించిన నూనె లేదు, తలుపు బందులకూ అదే, బావి గిరకకూ అదే, నా సైకిల్‌కూ అదే. ఇస్త్రీ పెట్టెలో రగిలే బొగ్గులు, తడిపి ఆరేసిన కొత్త బట్టల గంజి, గుమ్మం బయట వానకు తడిసిన మట్టి, అన్నీ ఆ నూనె వాసనతో కలిసిపోయి ఉండేవి.

మా ఊరి పక్కన విమానాశ్రయం తెరిచినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మొదటి నెలంతా విమానం దిగిన ప్రతిసారీ బయటికి ఉరికేవాళ్లం, రెండో నెలకు తల కూడా ఎత్తలేదు. వానాకాలంలో కాల్చిన మక్క కంకులు, దసరా ముందు చేతులకు అంటుకునే సీతాఫలాలు, బతుకమ్మ నాడు అమ్మ కలిపే నువ్వుల సద్ది, వేసవి మొత్తం సాతంరాయి వైపు ఒక పొలం బావిలో ఈత. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి బాపే నన్ను ఆ బావిలోకి దింపాడు, వారం తిరిగేసరికి డబ్బా అక్కర్లేదని నేనే విప్పి గట్టు మీదికి విసిరాను. నాకు భయమంటే ఏమిటో అప్పట్లో తెలియదు, ఇప్పుడూ పెద్దగా తెలియదు.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. జూన్‌లో బడి బట్టలు కుట్టేటప్పుడు ఏ తల్లీ చెప్పకుండానే చేతి దగ్గర రెండు వేళ్లు, కింది అంచులో జానెడు బట్ట లోపలికి మడిచి వదిలేవాడు, పెరిగే పిల్లలు కదా అని. ఏటా ఆ మడత విప్పితే కింద కొత్త రంగు గీతలా కనిపించేది, ఆ గీతలు లెక్కపెట్టి ఎవరు ఎన్నేళ్లుగా అదే గౌను తొడుగుతున్నారో చెప్పేవాళ్లం. దర్జీ కూతురినై ఉండీ నేను ఒంటికి సరిపోయే బట్ట ఎరుగను. అది సరిపోయే నాటికి మోచేతుల దగ్గర చిరిగేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సుజాత మేడమ్ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చింది. రాజమండ్రి వైపు మనిషి, విమానాశ్రయంలో ఉద్యోగం, శంషాబాద్‌లో కిరాయి ఇల్లు. ఆవిడ మోకాలు దెబ్బతినడంతో, రోడ్డు పందేలకు తొక్కే సైకిల్ ఏడాదిగా గోడకు ఆని ఉందట. నేను ఈదుతానని, అమ్మ పాత సైకిల్ మీద బడికి ఎనిమిది కిలోమీటర్లు తొక్కుతానని విని, ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయథ్లాన్ పందెం గురించి చెప్పి, సైకిల్ తెచ్చి మా ఇంట్లో పెట్టింది. అమ్మ ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. ముందు ఒక్క పందెమే, ఈలోపు గానీ దాని తర్వాత గానీ ఒళ్లు నొప్పులని ఒక్కసారి మూలిగినా సైకిల్ తిరిగి మేడమ్ ఇంటికి పోవాలి. అమ్మ అన్నదంటే అన్నట్టే.

మేడమ్ ఒక జత ఏరో బార్లు కూడా ఇచ్చింది. హ్యాండిల్ మీద ముందుకు చాచి బిగించే రెండు కడ్డీలు, మోచేతులు ఆనించడానికి రెండు మెత్తలు. వాటి మీద వంగి తొక్కితే ఒంటికి గాలి తక్కువ తగులుతుంది. అమర్చే పద్ధతి తాను తిరిగి వచ్చాక చూపిస్తానని చెప్పి ఆవిడ శిక్షణకని మూడు వారాలు ఢిల్లీ వెళ్లింది. బాపు ఆగలేదు. టేపు మెడలో, సుద్ద చెవి వెనక పెట్టుకుని, నన్ను నిలబెట్టి భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి పిడికిలికి కొలిచి, బార్లు తానే బిగించాడు. పాత మెత్తలకు రెక్సిన్ తొడుగులు కుట్టాడు. దసరాకు మిషన్‌తో పాటు సైకిల్‌కూ బంతిపూల దండ వేసి పసుపు కుంకుమలు పెడితే, కొమ్ముల సైకిల్ చూడటానికి వాడంతా వచ్చింది, అందరికీ బాపు అది తన కొలతేనని చెప్పుకున్నాడు.

తెల్లవారగానే పహాడీ షరీఫ్ దాకా తొక్కేదాన్ని. దర్గా గుట్ట దగ్గరికి వచ్చేసరికి గులాబీల వాసన, లోబాన్ సాంబ్రాణి పొగ ఎదురయ్యేవి, నాకు మాత్రం మెడ తెగిపోతున్నట్టు ఉండేది. మోచేతులు మెత్తల మీద నిలిచేవి కావు, సీటు ముక్కు మీదికి జారిపోయేదాన్ని. ఇంటికొచ్చి అమ్మకు కనపడకుండా మెడకు నూనె రాసుకుని, బాపు అడిగితే మంచిగుందని చెప్పేదాన్ని.

పందేనికి ఆరు రోజుల ముందు మేడమ్ వచ్చి, నేను తొక్కడం ఒక్కసారి చూసి ఆపమంది. "బార్లు మరీ ముందుకున్నాయమ్మా. సీటు కూడా ఎత్తు. ఎవరు కొలిచారో గానీ, ఇంకొంచెం పెద్దపిల్లకు కొలిచారు."

అప్పుడు అర్థమైంది. బాపు సైకిల్‌కూ మడత వదిలాడు.

మేడమే బిగిస్తానంది, వద్దన్నాను. బాపు పనిని బాపుకు తెలియకుండా విప్పడం నాకు చేతకాదు. దుకాణానికి పోయి నిలబడ్డాను.

"చేతులు అందుతలేవు బాపు. మెడ గుంజుతున్నది."

"పెరిగే పిల్లవు బిడ్డా, జర జాగ వెట్టిన. వచ్చే ఏడుకు సరిగ్గ అయితది."

"పందెం వచ్చే ఏడు కాదు బాపు, ఆదివారమే."

బాపు కత్తెర కింద పెట్టాడు. కోపం వచ్చిందనుకున్నాను. మెడలోని టేపు తీసి నా మెడలో వేశాడు. "అయితే ఇగ నువ్వే చెప్పు, యాడ వెట్టాలె."

వెనక చక్రాన్ని రెండు బల్లల మధ్య ఇరికించి నన్ను ఎక్కమన్నాడు. నేను వంగిన చోట, మోచేయి హాయిగా ఆనిన చోట సుద్దతో చుక్క పెట్టాడు. మెత్తలు రెండంగుళాలు వెనక్కి వచ్చాయి, సీటు వేలెడు కిందికి దిగి కాస్త ముందుకు జరిగింది. మర్నాడు పహాడీ షరీఫ్ రోడ్డు మీద గాలి నా వీపు మీదుగా దాటిపోతుంటే గట్టిగా నవ్వాను, లారీ డ్రైవర్ ఒకాయన తల బయట పెట్టి చూశాడు.

పందెంలో నలుగురు అమ్మాయిల్లో రెండోదాన్ని. వాడలో మాత్రం బాపు నన్ను మొదటిదాన్ని చేసేశాడు. పరుగు ముగించి రాగానే అమ్మ గడియారం వైపు చూడలేదు, బొటనవేలితో నా మెడ మీద నొక్కి నొస్తుందా అని అడిగింది. లేదన్నాను, ఆ నెలలో మెడ గురించి అమ్మకు నేను చెప్పిన మొదటి నిజం అదే. సైకిల్ మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ బావి పూడ్చి గోదాము కట్టారు. దుకాణం ఉన్న వరస రోడ్డు వెడల్పులో పోయింది, బాపు ఇంట్లోనే కుడుతున్నాడు. నేను ఎందరికో వాళ్ల కొలతకు సైకిళ్లు అమర్చి ఇచ్చాను, ధీమాగా చెప్తున్నాను, ఒక్కటీ తప్పు పోలేదు. కానీ పందెం తర్వాత వచ్చిన జూన్‌లో పదో తరగతి బట్టలు తొడుక్కున్న పొద్దు నాకు గుర్తుంది. చొక్కా చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. అంచు తిప్పి చూస్తే లోపల బట్ట లేదు. ఎట్లున్నదని బాపు అడిగితే సరిగ్గ ఉన్నదని చెప్పి, లోపలికి పోయి ఏడ్చాను. బావీ దుకాణమూ తర్వాత పోయాయి, అన్నిటికన్నా ముందు పోయింది ఆ మడత, అదీ నేనే అడిగి తీయించుకున్నాను.