తెల్ల గోటీ

మా మామ గాజు గోటీలను నిజంగానే మింగేవాడా, మింగినట్టు కనిపించేవాడా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. ఆయననే అడిగి తేల్చుకునే వీలు పోయిన నెలతో పోయింది. నిర్మల్‌లో నేను కాలేజీకి తయారవుతుంటే అత్త ఫోన్ చేసింది. ఏడవలేదు. "మీ మామ పొద్దుగాల చాయ ముట్టలే బిడ్డా. లేపితే లేస్తలేడు," అంది. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "ఇగ లేవడు," అంది.

బస్సులో కూర్చున్నాక చూసుకుంటే నా చెయ్యి గొంతు మీద ఉంది. మామ గుర్తొస్తే అది అక్కడికే పోతుంది.

ఆయన మా అవ్వకు, అంటే మా అమ్మకు, తమ్ముడు. సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. సాంచెల చప్పుడులో పక్క మనిషి మాట కూడా వినపడదు కనుక అక్కడ పనిచేసేవాళ్లు చేతులతో, కళ్లతో మాట్లాడుకుంటారు. మామ చేతులు ఇంట్లోనూ ఊరికే ఉండేవి కావు. మగ్గం ఆగిందని మనం గమనించేలోపే తెగిన పోగును ముడివేసేసే వేళ్లవి. నా అనుమానానికి మొదలు ఆ వేళ్లే. అంత వడి ఉన్న చేతులకు ఒక గాజు గోటీని మాయం చేయడం ఎంతసేపు?

శివరాత్రికి వేములవాడలో, పని లేని రోజుల్లో ఆసిఫాబాద్ దాకా ఏ అంగడిలో వీలైతే ఆ అంగడిలో ఆయన ఆట ఉండేది. నాలుగు బల్లలు కలిపి కట్టిన మంచె, ఒక చెంబు నీళ్లు, గుడ్డసంచిలో రంగురంగుల గోటీలు. అంతే.

"ఓ మీసాలాయనా, నువ్వే! జర బ్యాటరీ లైటు పట్టుకొని ఇటు రా. నా నోరు సూడు. నాలిక కింద సూడు. మీ అత్త దాసుకున్న గొలుసేమన్న కనబడ్తుందా?"

జనం విరగబడి నవ్వేవారు. ఆ నవ్వు ఆగకముందే మొదటి గోటీ నోట్లో పడేది. పైన నీళ్లు. గొంతు ముడి పైకి లేచి కిందికి దిగేది. ఒకదాని వెనక ఒకటి అన్నీ పోయేవి. తర్వాత జనమే అడగాలి. "ఎర్రది తియ్యి!" "నీలిది!" అడిగిన రంగే వచ్చేది. వచ్చేముందు ఆయన మెడ నరాలు తాళ్లలా లేచేవి, కళ్లు నీళ్లతో నిండేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నేను అవ్వ కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఒకసారి నన్ను మంచె మీదికి పిలిచాడు. "రా కోడలా, నా పొట్టకు చెవి పెట్టు. ఏం వినబడ్తుందో ఈ పెద్దమనుషులకు చెప్పు." పెట్టాను. బనీను చెమటతో తడిసి చల్లగా ఉంది. ఆయన కొద్దిగా ఎగిరాడు. టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. గాజు గాజును తాకిన చప్పుడు. "ఉన్నయి, లోపలున్నయి!" అని అరిచాను. జనం గోల. ఆ చప్పుడు నేను విన్నాను, అందులో సందేహం లేదు. పొట్టలోంచి విన్నానా, ఆయన మొలకు చెక్కుకున్న సంచిలోంచి విన్నానా అన్నది పెద్దయ్యాక పుట్టిన సందేహం.

ఆ ఏడే శివరాత్రి ఆటలో తెల్ల గోటీ రాలేదు. ఎవరో "తెల్లది" అన్నారు. మామ ముందుకు వంగాడు. నరాలు లేచాయి. కాని ఏమీ రాలేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. ముఖం నల్లబడింది. జనం ఒక్కసారిగా గప్‌చుప్ అయ్యారు, జాతర రంగులరాట్నం కిర్రుమనడం మాత్రం వినపడుతోంది. మంచె వెనక నుంచి అత్త ఉరికొచ్చి ఆయన వీపు మీద రెండు చేతులతో బాదింది. కాసేపటికి ఆయన పెద్దగా ఊపిరి పీల్చి లేచి, మూతి తుడుచుకొని, "తెల్లదానికి నా కడుపుల మంచిగనిపించిందట. రానంటుంది!" అన్నాడు. జనం మళ్లీ నవ్వారు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

"అది ఏమైంది మామా?" అని అడిగితే, "ఉంది లోపల. నీ పెండ్లికి తీస్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు. నా పెళ్లిలో గుర్తు చేస్తే పొట్ట తట్టుకొని, "ఇంక టైం కాలే కోడలా," అన్నాడు.

ఆయన అన్నం తినే తీరు చూస్తే మాత్రం ఆ మంచె మీది మనిషేనా అనిపించేది. చిన్న చిన్న ముద్దలు, ఎంతో నమిలి, ఆగి ఆగి తినేవాడు. బంతిలో అందరూ లేచిపోయాక కూడా మామ విస్తరి ముందు మామ ఒక్కడే ఉండేవాడు. వడ్డించేవాళ్లు "ఏంది బావా, గోటీలు మింగెటోనికి బువ్వ మింగ రాదా?" అని ఎగతాళి చేసేవారు. "కూరల తునకకున్నట్టు గోటీకి బొక్కలుండయి బామ్మర్దీ," అని నవ్వేవాడు.

నాకు జ్వరం మందు బిళ్ల మింగడం రాదు. ఇప్పటికీ సరిగా రాదు. చిన్నప్పుడు జ్వరంతో ఉంటే అందరూ నా ముక్కు మూసి, నోరు తెరిచి నానా హింస పెట్టారు. మామ వచ్చి అందరినీ బయటికి పంపించి నా పక్కన కూర్చున్నాడు. "మందు గోలీ మింగకు కోడలా. నీళ్లు మింగు. గోలీ దానంతట అదే పోతది," అన్నాడు. నా ముఖంలో భయం చూసి, "భయం గొంతుల్నే ఉంటది. కడుపుల ఉండదు. ఇంత దూరం దాటిస్తే సాలు," అని రెండు వేళ్లతో నా గొంతు మీద కొలిచి చూపించాడు. బిళ్ల దిగింది. మింగడం తెలియనివాడు ఆ మాట చెప్పగలడా? అట్లా అనుకున్న రోజున ఆయన ఆట నిజమని నమ్ముతాను. మరో రోజు, జనాన్ని సరిగ్గా గోటీ నోట్లో పడే వేళకే ఎందుకు నవ్వించేవాడని నన్ను నేనే ప్రశ్నించుకుంటాను. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. అన్నవాహిక బొమ్మ గీసి, కండరాలు ముద్దను కిందికి ఎలా తోస్తాయో వివరిస్తుంటే సుద్దముక్క చేతిలోనే ఆగిపోతుంది. సాధనతో ఆ కండరాలను వెనక్కి నడిపించేవాళ్లు ఉంటారట. నడిపించినట్టు నటించేవాళ్లూ ఉంటారు. రెండూ తెలియడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

ఈ వానాకాలం మామకు మింగుడు పడడం కష్టమైంది. మొదట రొట్టె, తర్వాత అన్నం, చివరికి నీళ్లు. కరీంనగర్‌లో డాక్టర్ లోపలికి గొట్టం వేసి చూడాలన్నాడు. అత్త గోటీల సంగతి చెప్పింది. డాక్టర్ నా వైపు తిరిగాడు.

"ఆయన నిజంగానే మింగేవారా మేడమ్? అన్నేళ్లు మింగి ఉంటే లోపల గాట్లు పడి ఉండొచ్చు. గొట్టం వేయడం ప్రమాదం. ముందు ఎక్స్‌రే ఫోటో తీసి చూడాలి."

డాక్టర్, అత్త, మామ ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. నా చెవికి ఆ టిక్కుమన్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. "తెలియదు సార్," అన్నాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. మామ ముఖంలో భయం చూడడం నాకదే మొదలు. "ఫోటో వద్దను కోడలా," అన్నాడు గుసగుసగా. "అండ్ల కనబడితే ఒక తిప్పలు. కనబడకపోతే ఇంకో తిప్పలు."

ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. పలచటి జావ, మందు నీళ్లతో ఇంటికి తెచ్చుకున్నాం. ఇంక ఎన్నో రోజులు లేడు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడి, కాకి ముట్టేదాకా చూడడం మా దగ్గర ఆనవాయితీ. గారెలు, మాంసం, కల్లు, ఒక బీడీ పెట్టాం. కాకులు వచ్చి తీగ మీద వాలాయి. కిందికి దిగలేదు. ఎండ ఎక్కింది. "ఏదో మనసుల పడ్డది. అందుకే ముడ్తలేడు," అన్నాడు కులపెద్ద. "అత్తను నేను చూసుకుంట మామా," అని గట్టిగా చెప్పాను. దిగలేదు. అత్త పెదవులు ఎండిపోయాయి. ఆమెకు ఆ వేళ కావలసింది అదొక్కటే, ఆయన తృప్తిగా పోవడం.

చివరికి అత్త కొంగు ముడి విప్పి గుడ్డసంచి తీసింది. గోటీలు గారెల పక్కన పోసింది. అందులో ఒకటి తెల్లది.

"ఇదెక్కడిది అత్తా?"

"సంచిల్నే ఉంటది గదా ఎప్పుడు."

"శివరాత్రికి లోపల ఉండిపోయింది ఇది కాదా?"

"నాకేం ఎరుక బిడ్డా? ఆయన మింగుడు నేనొక్కనాడన్న సూడలే. మంచె ఎక్కంగనే కండ్లు మూసుకునేదాన్ని. జనం సప్పుడు ఆగిందంటేనే ఉరికేదాన్ని."

మేము వెనక్కి జరిగాం. ఒక కాకి దిగింది. గారెను చూడలేదు, మాంసం చూడలేదు. తెల్ల గోటీ చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కుతో అందుకుని, తల పైకెత్తింది. దాని గొంతు కదిలింది. చుట్టూ మాటలు ఆగిపోయాయి. అత్త వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. చూస్తే ఆమె కళ్లు మూసుకుని ఉంది.

కాకి ఎగిరి తీగ మీద వాలింది. ముక్కు మూసి ఉంది. కాకులకు నాలుక కింద చిన్న సంచి ఉంటుందని, దొరికింది అందులో దాచుకుపోతాయని పిల్లలకు చెప్పేది నేనే.

"మింగిందా బిడ్డా?" అంది అత్త, కళ్లు తెరవకుండానే.

నేను రెప్ప వేయకుండా చూశాను. నాకు తెలియదు.